మధుమేహ రోగుల పరామర్శ: జీవనశైలి సలహా, మానసిక ఆదరణలో కాపరి పాత్ర

ఉపోద్ఘాతం

రోగులను పరామర్శించడం కాపరి సేవలో మొదటినుండీ ఉన్న భాగం. ఒక విశ్వాసి మంచం పట్టాడని తెలిస్తే సేవకుడు వెళ్తాడు, వాక్యం చదువుతాడు, ప్రార్థన చేస్తాడు, ధైర్యం చెప్పి వస్తాడు. జ్వరం, ఆపరేషన్, ప్రమాదం వంటి సందర్భాలకు ఈ పద్ధతి సరిపోతుంది. అవి కొన్ని రోజులలోనో, కొన్ని వారాలలోనో ముగిసే సంగతులు. అయితే నేడు మన సంఘాలలో ఎక్కువమందిని పట్టి ఉన్నవి అటువంటి రోగాలు కావు. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు వంటివి ఒకసారి వస్తే జీవితాంతం తోడుగా ఉంటాయి. ఈ రోగి మంచం మీద ఉండడు. ఆదివారం మన ఎదుటే చాప మీద కూర్చుని పాట పాడుతూ ఉంటాడు. కనుక అతనికి పరామర్శ అవసరమని మనకు తోచదు.

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం 2021 నాటికి మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. 20 ఏళ్లు పైబడినవారిలో ఇది వందకు సుమారు 11 మంది. అంటే 200 మంది పెద్దలు ఉన్న ఒక సంఘంలో 20 మందికి పైగా ఈ వ్యాధి ఉండవచ్చును. వారిలో కొందరికి తమకు వ్యాధి ఉన్నట్టే తెలియదు.

ఈ రోగులకు మాత్ర ఎంత అవసరమో, తిండి, నడక, నిద్ర, మనోధైర్యం కూడా అంతే అవసరం. వైద్యుడు అయిదు నిమిషాలలో చీటీ వ్రాసి పంపుతాడు. మిగిలిన దినమంతా రోగి తన ఇంటిలో, తన సంఘంలో గడుపుతాడు. అక్కడ కాపరి చేయగలిగినది ఏమిటి? చేయకూడనిది ఏమిటి? ఈ రెండు ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

1. వ్యాధి స్వభావం

మనం తిన్న అన్నం కడుపులో చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. ఆ చక్కెరను కండరాలకు, ఇతర కణాలకు అందించేందుకు క్లోమ గ్రంథి ఇన్సులిన్ అనే హార్మోనును తయారు చేస్తుంది. మొదటి రకం మధుమేహంలో ఇన్సులిన్ దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. ఇది ఎక్కువగా పిల్లలలో, యువకులలో మొదలవుతుంది. వీరికి ఇన్సులిన్ ఇంజెక్షను ఆహారంతో సమానం. దానిని ఆపితే కొద్ది రోజులలోనే ప్రాణాపాయం కలుగుతుంది. 1922లో టొరంటో నగరంలో ఒక బాలునికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేవరకు ఈ వ్యాధి వచ్చిన పిల్లలు బ్రతికేవారు కారు. రెండవ రకంలో ఇన్సులిన్ తయారవుతుంది గాని శరీరం దానికి సరిగా స్పందించదు, క్రమంగా తయారీ కూడా తగ్గుతుంది. మనం పెద్దలలో చూసేది ఎక్కువగా ఇదే.

పరగడుపున రక్తంలో చక్కెర 126 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉంటే, లేదా మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్షలో 6.5 శాతం లేదా అంతకు మించి ఉంటే మధుమేహంగా లెక్కిస్తారు. లక్షణాలు లేనివారికి మరొకసారి పరీక్షించి నిర్ధారిస్తారు. వ్యాధిలోని మోసం ఏమంటే, చక్కెర 200 దాటినా చాలామందికి ఏ నొప్పీ ఉండదు. నొప్పి లేదు కనుక రోగం లేదని రోగి అనుకుంటాడు. ఈలోగా కళ్ళు, మూత్రపిండాలు, నరాలు, గుండె మెల్లగా దెబ్బతింటాయి. కాబట్టి “ఇప్పుడు బాగానే ఉన్నాను” అనే మాటను ఈ వ్యాధి విషయంలో సేవకుడు రుజువుగా తీసుకోకూడదు.

2. వాక్యాధారం

శరీరాన్ని, మనస్సును, ఆత్మను వేరువేరు గదులలో పెట్టి చూడడం బైబిలు పద్ధతి కాదు. ఇందుకు 1 రాజులు 19వ అధ్యాయం మంచి ఉదాహరణ. ఏలీయా కర్మెలు కొండ మీద గొప్ప విజయం పొందిన తరువాత బదరీవృక్షం క్రింద కూర్చుని తన ప్రాణం తీసివేయుమని దేవుని అడుగుతాడు. అతనికి వెంటనే దొరికినది ప్రసంగం కాదు. నిద్ర దొరికింది. తరువాత దూత తట్టి లేపి కాల్చిన రొట్టె, నీళ్ళు చూపించాడు. మళ్ళీ నిద్ర, మళ్ళీ ఆహారం. ప్రయాణం నీ శక్తికి మించినదని దూత ఒప్పుకున్నాడు. హోరేబుకు చేరిన తరువాతనే దేవుడు ప్రశ్న అడిగాడు, అదీ రెండుసార్లు. ఏలీయా తన బాధను రెండుసార్లూ అదే మాటలలో చెప్పుకున్నాడు. దేవుడు ఆపలేదు. చివరకు నీవు ఒంటరివాడవు కావని ఏడు వేలమంది సంగతి తెలిపి, ఎలీషాను తోడు ఇచ్చాడు. ఆహారం, విశ్రాంతి, వినడం, చేయదగిన పని, తోడు అనే ఈ వరుస నేటి రోగి పరామర్శకు సరిపోయే క్రమం.

వైద్యాన్ని వాడుకోవడం అవిశ్వాసం కాదని కూడా లేఖనం చూపిస్తుంది. హిజ్కియా స్వస్థత వాగ్దానం పొందిన తరువాత కూడా యెషయా అంజూరపు ముద్ద పెట్టించాడు (యెషయా 38:21). పౌలు తిమోతి కడుపు జబ్బుకు ఆహార విషయమైన సలహా ఇచ్చాడు (1 తిమోతి 5:23). అదే పౌలు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). అతనికి విశ్వాసం చాలలేదని ఎక్కడా వ్రాయలేదు. యాయీరు కుమార్తెను లేపిన తరువాత ప్రభువు ఆమెకు తినడానికి పెట్టమన్నాడు (మార్కు 5:43). మంచి సమరయుడు నూనెతో, ద్రాక్షారసంతో ఆగక, మరునాటి ఖర్చు కూడా పూటకూళ్లవానికి ఇచ్చి వెళ్ళాడు (లూకా 10:34, 35). దీర్ఘ రోగికి కావలసినది ఆ రెండవ నాటి శ్రద్ధ.

3. సేవా చరిత్రలో

మన ప్రాంతానికి ఇది క్రొత్త బోధ కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగుల శానిటోరియం ప్రారంభమైంది. క్షయకు పనిచేసే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని కనిపెట్టబడలేదు. అంటే దాదాపు మూడు దశాబ్దాలు అక్కడ ప్రధాన చికిత్స మంచి ఆహారం, విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి, క్రమమైన దినచర్య, ఆదరణతో కూడిన పోషణ. అమెరికాలో ఆంటన్ బోయిసెన్ అనే పాదిరి 1920లో తీవ్రమైన మానసిక వ్యాధితో ఆసుపత్రి పాలయ్యాడు. కోలుకున్న తరువాత 1925లో వూస్టర్ మానసిక చికిత్సాలయంలో వేదాంత విద్యార్థులకు రోగుల మధ్య శిక్షణ మొదలుపెట్టాడు. పుస్తకాలను చదివినంత శ్రద్ధగా రోగి జీవితాన్ని కూడా చదవాలన్నది ఆయన బోధలోని సారం. నేడు అనేక దేశాలలో జరుగుతున్న క్లినికల్ పాస్టోరల్ శిక్షణకు ఆ ప్రయత్నమే మూలం.

4. జీవనశైలి సలహా: ఏది, ఎంతవరకు

జీవనశైలి మార్పు వలన నిజంగా ప్రయోజనం ఉన్నదా? మధుమేహం అంచున ఉన్నవారి మీద జరిగిన రెండు పరిశోధనలు ఇందుకు జవాబిస్తాయి. అమెరికాలో 3,234 మందితో జరిగి 2002లో ప్రచురితమైన అధ్యయనంలో, 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక వంటి వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వాడినవారిలో 31 శాతమే తగ్గింది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందితో జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రత్యేకమైన సలహా ఏమీ లేనివారిలో మూడేళ్లలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. ఆహారం, నడక మార్చుకున్నవారిలో 39 శాతం మందికి వచ్చింది. మనవంటి శరీరతత్వం, మనవంటి తిండి గలవారిలో కూడా మార్పు పనిచేస్తుందని దీనివలన తెలిసింది.

ఒక సంగతి ఇక్కడ గమనించాలి. అమెరికా అధ్యయనంలో పాల్గొన్నవారికి కరపత్రం ఇచ్చి పంపలేదు. ఒక్కొక్కరికి ఒక సహాయకుని ఏర్పాటు చేసి, మొదట 16 పాఠాలు ముఖాముఖిగా నేర్పారు. సమాచారానికి తోడు ఒక మనిషి వెంట ఉన్నందువలన మార్పు నిలిచింది. ఆ పని చేయగల మనుషులు సంఘంలో ఉన్నారు.

ఆహారం: సేవకుడు ఆహార నిపుణుడు కాడు. వైద్యుడు చెప్పినదానిని ఇంటి పరిస్థితికి అన్వయించుకోవడంలో సహాయపడడమే అతని పని. పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు భాగం పప్పు, గుడ్డు, చేప వంటివి. పావు భాగం అన్నం లేక రొట్టె అనే కొలత ఎవరికైనా అర్థమవుతుంది. మన భోజనంలో ఇది తలక్రిందులుగా ఉంటుంది: పళ్ళెం నిండా తెల్లన్నం, ప్రక్కన కాస్త కూర. రాగి, జొన్న, కొర్ర మంచివే గాని, అవి కూడా చక్కెరగా మారేవే. అన్నం మానివేసి రెండు పెద్ద ముద్దలు రాగి సంకటి తింటే లాభం ఉండదు. ఓట్సు, ఆపిల్ అని చెప్పి పేద కుటుంబం మీద భారం వేయనవసరం లేదు. రేషన్ బియ్యం తినే ఇంటిలో అన్నం ఒక గరిటె తగ్గించి, తోటకూర పప్పు ఒక గరిటె పెంచడం చేయదగిన సలహా.

మరొక సంగతి. మన ఇండ్లలో వంట చేసేది స్త్రీ, చివర తినేదీ ఆమెయే. భర్తకు షుగరు వస్తే ఇల్లంతా వంట మార్చుకుంటుంది. భార్యకు వస్తే ఆమె మిగిలినది తింటుంది. కనుక రోగితో మాత్రమే మాట్లాడి రాకూడదు. భర్తను, కొడుకును, కోడలిని కూర్చోబెట్టి మాట్లాడాలి.

నడక: వైద్యుడు కాదనకపోతే దినానికి అరగంట, వారానికి అయిదు రోజులు. పొలం పనికి వెళ్ళే కూలికి ఈ సలహా అనవసరం. అతనికి వేళకు తిండి, వేళకు మందు అన్నదే ముఖ్యం. బల్ల దగ్గర కూర్చుని పనిచేసే ఉద్యోగికి నడక ముఖ్యం. ఒకే సలహా అందరికీ చెప్పడం పరామర్శ కాదు. పొగాకు, మద్యం మానడం మాత్రం అందరికీ వర్తిస్తుంది. పొగ త్రాగే మధుమేహ రోగికి గుండెజబ్బు, కాలి పుండ్ల ప్రమాదం మరింత ఎక్కువ.

పాదాలు: నరాలు దెబ్బతిన్న రోగికి ముల్లు గుచ్చుకున్నా, నేల కాలుతున్నా తెలియదు. చిన్న పుండు మానక చివరకు వేలో, కాలో తీసివేయవలసి రావచ్చును. అందుకే ప్రతి రాత్రి పాదాలు చూసుకోవాలని, చెప్పులు లేకుండా నడవకూడదని వైద్యులు చెప్తారు. మన మందిరాలలో చెప్పులు గుమ్మం బయట విడవడం ఆచారం. ఎండాకాలం మధ్యాహ్నం ఆరాధన ముగిసి విశ్వాసులు కాలే బండల మీద నడిచి చెప్పులు వెదుక్కుంటారు. పాదాలు మొద్దుబారినవారు లోపల మెత్తని చెప్పులు లేక మేజోళ్ళు వేసుకోవచ్చునని కాపరి ఒక్కసారి ప్రకటిస్తే కొందరి కాళ్ళు నిలుస్తాయి.

5. ఉపవాసం విషయమైన జాగ్రత్త

మన సంఘాలలో శుక్రవారపు ఉపవాస కూడికలు, రాత్రంతా జరిగే ప్రార్థనలు, శ్రమల దినాలలో 40 రోజుల ఉపవాసాలు సాధారణం. మధుమేహ రోగికి ఇవి ప్రమాదం తేవచ్చును. గ్లైబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడేవారు భోజనం మానివేస్తే చక్కెర ఉన్నట్టుండి 70 మిల్లీగ్రాముల క్రిందికి పడిపోవచ్చును. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ముప్పు తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్ వంటి క్రొత్త మాత్రలు వాడేవారు ఎక్కువసేపు ఉపవాసం ఉంటే రక్తంలో ఆమ్లం పెరిగే మరొక ప్రమాదం ఉన్నది. కనుక ఎవరు ఉండవచ్చును, ఎవరు ఉండకూడదు, ఆ దినాన మందు ఎంత వేసుకోవాలి అనేది ముందుగా వైద్యుడే నిర్ణయించాలి.

చక్కెర పడిపోయినప్పుడు చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది, మనిషి తికమకగా ప్రవర్తిస్తాడు, పడిపోతాడు. రాత్రి ప్రార్థనలో ఈ లక్షణాలు కనిపిస్తే కొందరు ఆత్మావేశమని, మరికొందరు దయ్యం పట్టినదని పొరబడే అవకాశం ఉన్నది. అతడు మధుమేహ రోగి అయితే మొదట చేయవలసినది ఒక్కటే. మెలకువలో ఉండి మింగగలిగితే మూడు, నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగించాలి. 15 నిమిషాల తరువాత తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేకపోతే నోటిలో ఏమీ పోయకూడదు. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోను చేయాలి. ప్రార్థన చేయవద్దని కాదు. చక్కెర ఇచ్చిన చేతులతోనే ప్రార్థన చేయవచ్చును.

భోజనం మానలేనివారు తాము తక్కువ భక్తులమని బాధపడతారు. వారికి ఫోను, టీవీ, అనవసరపు మాట మానడం వంటి ఉపవాసాన్ని కాపరి సూచించవచ్చును. యెషయా 58వ అధ్యాయం దేవుడు కోరే ఉపవాసాన్ని ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడంతో ముడిపెడుతుంది. ఈ సంగతి ఉపవాస కూడికలోనే బోధించాలి, అప్పుడే ఆ రోగికి సిగ్గు తొలగుతుంది.

6. మానసిక ఆదరణ

వ్యాధి బయటపడినప్పుడు చాలామంది నమ్మరు, వేరే చోట పరీక్ష చేయించుకుంటారు. తరువాత “నాకే ఎందుకు?” అన్న కోపం, “నేను ఏ పాపం చేశాను?” అన్న నేరభావం కలుగుతాయి. పుట్టు గ్రుడ్డివాని గూర్చి శిష్యులు అడిగినదీ ఈ ప్రశ్నే. ప్రభువు ఆ లెక్కను త్రోసిపుచ్చాడు (యోహాను 9:2, 3). యోబు స్నేహితులు ఏడు దినాలు మౌనంగా కూర్చున్నప్పుడు సరిగానే చేశారు; కారణాలు చెప్పడం మొదలుపెట్టినప్పుడు తప్పిపోయారు.

ఏళ్ల తరబడి సూదులు, పరీక్షలు, పథ్యం, ఖర్చు మోసేసరికి రోగికి విసుగు పుడుతుంది. దీనిని నిపుణులు మధుమేహ సంబంధమైన మానసిక భారంగా గుర్తిస్తారు. ఇది చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు కలిగేదే. వినేవారు ఉంటే, పని పంచుకునేవారు ఉంటే తగ్గుతుంది. మానసిక క్రుంగుదల అనే వ్యాధి దీనికంటె లోతైనది. మధుమేహం ఉన్నవారిలో ఇది లేనివారికంటె సుమారు రెండింతలు ఎక్కువని 2001లో అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది. క్రుంగినవాడు మందు వేసుకోడు, నడవడు, చక్కెర పెరుగుతుంది, పెరిగినకొద్దీ మరింత క్రుంగుతాడు.

దీనిని గుర్తించడానికి కాపరి రెండు సంగతులు అడగవచ్చును. గత రెండు వారాలలో ఎక్కువ రోజులు దిగులుగా, నిరాశగా ఉన్నదా? మునుపు ఇష్టంగా చేసే పనుల మీద ఆసక్తి పోయిందా? ఏ ఒక్కదానికి అవునన్నా వైద్యుని దగ్గరకు పంపాలి. బ్రతకాలని లేదన్న మాట వస్తే, చనిపోవాలన్న ఆలోచన ఉన్నదా అని నేరుగా, మృదువుగా అడగాలి. అడగడం వలన ఆ ఆలోచన పుట్టదు. మోస్తున్న బరువు దించుకునే చోటు దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా విడువకూడదు. ఇన్సులిన్, మాత్రలు, పురుగుమందు అందకుండా ఉంచి కుటుంబానికి తెలిపి, ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఉచితంగా మాట్లాడవచ్చును. ఏలీయా కూడా చావు కోరుకున్నాడని, దేవుడు అతనిని గద్దించలేదని చెప్పడం ఇటువంటివారికి గొప్ప ఆదరణ.

పరామర్శలో విన్నది బయటకు పోకూడదు. ప్రార్థన మనవి పేరిట రోగి పేరు, రోగం పేరు మైకులో ప్రకటించడం మనకు అలవాటైపోయింది. పెండ్లి కావలసిన అమ్మాయికి మొదటి రకం మధుమేహం ఉన్నదని ఆదివారం ప్రకటిస్తే సోమవారానికి ఊరంతా తెలుస్తుంది. అనుమతి అడగకుండా ప్రకటించరాదు. అలాగే మధుమేహం వలన కొందరు పురుషులకు దాంపత్య జీవితంలో ఇబ్బంది కలుగుతుంది. సిగ్గుతో వైద్యునికి చెప్పరు, ఇంటిలో అనుమానాలు పెరుగుతాయి. ఇది వ్యాధి లక్షణమని, చికిత్స ఉన్నదని కాపరి ఏకాంతంలో చెప్పగలగాలి.

7. సాక్ష్యం చెప్పిన తల్లి

ఈ క్రింది సన్నివేశం కల్పితమే గాని, గ్రామ సంఘాలలో పనిచేసినవారికి క్రొత్తగా అనిపించదు. యాభై అయిదేళ్ల తల్లి ఒక స్వస్థత కూడికలో ప్రార్థన చేయించుకున్నది. షుగరు పోయిందని వేదిక మీద సాక్ష్యం చెప్పింది, మాత్రలు మానివేసింది. ఎనిమిది నెలల తరువాత ఆమె మందిరానికి రావడం తగ్గించింది. యువ కాపరి ఇంటికి వెళ్ళాడు.

“కాలికి కట్టు కట్టారేమమ్మా?”

“ఏం లేదయ్యగారూ, ముల్లు గుచ్చుకుంది.”

“ఎన్నాళ్లయింది?”

ఆమె మాట్లాడలేదు. కాసేపటికి, “నెల దాటింది అయ్యగారూ. ఆసుపత్రికి పోతే షుగరు చూస్తారు. అందరి ముందు పోయిందని చెప్పాను గదా. ఇప్పుడు ఏ ముఖంతో పోను?” అన్నది.

ఇక్కడ కాపరి “మాత్రలు ఎందుకు మానారు?” అని కోప్పడితే ఆమె నోరు మూసుకుంటుంది. “ఇంకా విశ్వసించండి” అంటే కాలు పోతుంది. అతడు ఇలా అన్నాడనుకుందాం: “అమ్మా, మీరు అబద్ధం చెప్పాలని చెప్పలేదు. సంతోషంతో చెప్పారు. దేవుడు మీ మీద కోపంగా లేడు. ఈ పుండు చూపించుకుందాం, నేను కూడా వస్తాను. మీకు ఇష్టమైతేనే.”

ఆమెకు చాలాకాలంగా ఆసుపత్రి భయంకంటె సిగ్గే పెద్ద అడ్డు. దానిని తొలగించినది సలహా కాదు, “నేను కూడా వస్తాను” అన్న మాట. తరువాత ఆ కాపరి చేయవలసిన పని ఇంకొకటి ఉన్నది. పరీక్షించి, వైద్యుడు చెప్పేవరకు ఎవరూ మందులు మానకూడదని, మందు వాడుతూ కూడా దేవునికి సాక్షిగా ఉండవచ్చునని సంఘానికి బోధించాలి. కొందరికి, ముఖ్యంగా వ్యాధి వచ్చి ఎక్కువ కాలం కానివారికి, బరువు బాగా తగ్గినప్పుడు మందు లేకుండానే చక్కెర అదుపులోకి వస్తుంది. అది కృతజ్ఞతకు కారణమే. అయితే అది తిరిగి రావచ్చును గనుక వారు కూడా ఏటేటా పరీక్ష చేయించుకోవలసిందే.

ప్రకటనల విషయంలో చట్టాన్ని కూడా తెలుసుకోవాలి. 1954 నాటి ఔషధ, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం, కొన్ని రోగాలను మందులతో గాని, మహిమ గల చికిత్సలతో గాని నయం చేస్తామని ప్రకటించడాన్ని నిషేధించింది. ఆ జాబితాలో మధుమేహం ఉన్నది. కూడికల కరపత్రాలలో రోగాల పేర్లు అచ్చు వేయించేవారు ఇది గుర్తుంచుకోవాలి.

8. మాట్లాడే విధానం

మనం ప్రసంగానికి అలవాటు పడినవారం, అందువలన పరామర్శలో కూడా ప్రసంగిస్తాం. “తీపి తినవద్దు, నడవండి, చింతించవద్దు” అంటాం. రోగికి ఇది ముందే తెలుసు. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విలియం మిల్లర్ 1983లో మద్యపానం మానలేనివారి విషయమై ఒక పద్ధతిని ప్రతిపాదించాడు. వాదించి ఒప్పించడానికి బదులు, మార్పుకు కారణాలు రోగి నోటనే వచ్చేలా అడిగి వినాలన్నది దాని సారం. బేతెస్ద కోనేటి యొద్ద ప్రభువు ఆ రోగిని నీకు స్వస్థత కావాలా అని అడిగాడు (యోహాను 5:6). బర్తిమయిని నీకేమి చేయాలని అడిగాడు (మార్కు 10:51). జవాబు తెలిసినా అడిగాడు.

కాపరి కూడా అలాగే అడగవచ్చును. “ఈ జబ్బులో మీకు అన్నిటికంటె కష్టమైనది ఏది?” “ఒక్క సంగతి మార్చుకోగలిగితే దేనితో మొదలుపెడతారు?” “దానికి ఇంటిలో ఎవరు సహాయం చేయగలరు?” రోగి “రాత్రి అన్నం కాస్త తగ్గించగలను” అంటే అది చాలు. పది ఆజ్ఞలు ఇచ్చి రాకూడదు. వచ్చే వారం వచ్చి ఆ ఒక్కదాని గూర్చే అడగాలి. తప్పిపోతే నిందించకుండా మళ్ళీ మొదలుపెట్టాలి.

9. సంఘం చేయదగినవి

మొదటిది, ప్రేమ విందులలో, క్రిస్మస్ విందులలో బిర్యానీ, స్వీటుతో పాటు కూరగాయలు, మజ్జిగ, చక్కెర లేని టీ కూడా ఉంచడం.

రెండవది, గృహ దర్శనంలో కాపరి తానే చక్కెర లేని టీ అడగడం. దినానికి ఆరు ఇండ్లలో తీపి టీ త్రాగి, వేళ తప్పి తినే సేవకులు కూడా ఈ వ్యాధికి దూరం కారు. ఆయన అడిగితే ఇంటిలోని రోగి కూడా అడగగలుగుతాడు.

మూడవది, సంవత్సరానికి ఒకసారి సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బందిని, ఆశా కార్యకర్తను మందిరానికి పిలిచి, 30 ఏళ్లు దాటినవారందరికీ రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయించడం.

నాలుగవది, పాత రోగిని క్రొత్త రోగికి తోడుగా ఇవ్వడం. ఇన్సులిన్ సూదికి భయపడేవారికి కాపరి మాటకంటె, పదేళ్లుగా వేసుకుంటున్న సహోదరి మాట ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

అయిదవది, ఒంటరి వృద్ధులను ఆసుపత్రికి తీసుకువెళ్ళి, మందులు తెచ్చి ఇచ్చే బాధ్యత యువజనులకు అప్పగించడం. వృద్ధుల చూపు తగ్గినప్పుడు మాత్రల పట్టీ మీది పేరు చదివి పెట్టడం కూడా పరిచర్యే.

ముగింపు

కాపరి వైద్యుడు కాడు. మందు మార్చడం, ఆపడం, మోతాదు చెప్పడం అతని పని కాదు. ఆ గీత దాటితే ప్రాణాలు పోతాయి. అయితే గీతకు ఇవతల చేయవలసిన పని ఎంతో మిగిలి ఉన్నది. వైద్యుడు చెప్పిన పథ్యం వంటింటిలోకి ఎలా వెళ్తుందో చూడడం, విసిగినవాని మాట వినడం, సిగ్గుపడినవానితో ఆసుపత్రి గుమ్మం వరకు నడవడం ఇవన్నీ కాపరి చేయగలడు. వేదాంత విద్యార్థులు ప్రసంగ పాఠాన్ని సిద్ధపరచుకున్నట్టే, ఒక మధుమేహ రోగి ఇంటికి కనీసం మూడు నెలలు వారం వారం వెళ్ళి, విన్నదానిని పేరు లేకుండా వ్రాసుకుని ఉపాధ్యాయునితో చర్చించడం మంచి శిక్షణ. మొదటి వారం వాక్యం చదివి వచ్చినవాడు పన్నెండవ వారంలో ఆ ఇంటిలో ఎవరు ముందు తింటారో, ఎవరు చివర తింటారో తెలుసుకుని వస్తాడు. అప్పుడు అతడు చేసే ప్రార్థనలో ఆ ఇంటి సంగతులు ఉంటాయి.